పాయింట్లు రాసివ్వలేను గనుక

నేను, అట్టపెట్టెల ప్రెస్ యజమానురాలిని, కాగితం వ్యాపారులంతా పెట్టెలక్క అని పిలిచే మనిషిని, ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. రేపు ఉదయం నా గుండె కవాటం మారుస్తారు. నా బుద్ధి స్థిరంగా ఉందని కాగితం రాసిమ్మంటే డాక్టరుగారు నవ్వుతూ రాసిచ్చారు. గుండె గురించి కూడా అలాంటి కాగితం ఇమ్మంటే నవ్వు ఆపేశారు. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు, కాబట్టి రద్దు చేయవలసిందేమీ లేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఆడిటర్ గారిది. ఆయన నా లెక్కలను ఎన్నడూ మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. ఈ పనికి అలాంటి మనిషే కావాలి. ఈ సాయంత్రం ఆరింటిలోగా ఒక సంగతి తేలాలి. అది ఎటు తేలితే ఈ వీలునామా అటు తిరుగుతుంది. అందుకని మధ్యలో కొట్టివేతలు ఉంటే మన్నించాలి.

1. ప్రెస్, అందులోని యంత్రాలు, గోదాములోని కాగితం మా తమ్ముడికి చెందుతాయి. దీనికో షరతు ఉంది, ఏడో అంశంలో రాస్తాను. ముందే ఎగిరి గంతేయవద్దని మనవి. ప్రెస్ నడిపే పెత్తనం మాత్రం అట్టను అచ్చుతో కోసే డై కటింగ్ మాస్టరుదే. ఆయన నాతో పోట్లాడి ఎన్నిసార్లు మానేశారో, అన్నిసార్లూ తనే వచ్చి మిషన్ ఆన్ చేసుకున్నారు. ఆయనకు నా గది, నా కుర్చీ, నా టేబుల్ ఫ్యాన్ ఇస్తున్నాను. ఆ ఫ్యాన్ మీద ఆయనకు ఎప్పటి నుంచో కన్ను.

2. ఇల్లు అమ్మకు, ఆమె ఉన్నంతకాలం. ఆ తర్వాత తమ్ముడికి. హాల్లో ఉన్న దివాన్‌ను ఎవరూ కదపకూడదు. వెన్నులో కడ్డీలు వేశాక అమ్మ కాసేపటి కంటే ఎక్కువ కూర్చోలేదు. అయినా ఎవరైనా వస్తే, వాళ్ళ ముందు పడుకోవడం బాగుండదని పంటి బిగువున కూర్చుంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళే ముందుగా "నడుం వాల్చండి" అనాలి. ఇది కోరిక కాదు, ఆజ్ఞ.

3. తమ్ముడి భార్యకు, అంటే నా మరదలికి, నా బంగారు గాజులు. ఆవిడ మీద నాకు కోపం ఉంది. దాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు, నాతోనే పట్టుకుపోతాను. నా క్రెడిట్ కార్డు పాయింట్లతో, క్యాటలాగులో చూసి, వాక్యూమ్ క్లీనర్ తెప్పించుకుంది. "ఊరికే వచ్చింది వదినా!" అని చంకలు గుద్దుకుంది కూడా. ఊరికే! అవే పాయింట్లను విమాన సంస్థకు మార్చి ఉంటే ఒక మనిషి పక్క దేశం వెళ్ళి వచ్చేది. ఆ యంత్రం ఇప్పుడు వాళ్ళ మంచం కింద ఉంది. దుమ్ము పీల్చే యంత్రానికే దుమ్ము పట్టిందంటే ఇక నేనేం చెప్పను. గాజులు మాత్రం మనస్ఫూర్తిగా ఇస్తున్నాను. నాకు ఒంట్లో బాగాలేనప్పుడల్లా పక్కన కూర్చున్నది ఆవిడే.

4. ఇక అసలు సంగతి. నాకున్న వాటిలో అన్నిటికంటే విలువైనదాన్ని నేను ఎవరికీ రాసివ్వలేను. అవి నా ప్రయాణాల క్రెడిట్ కార్డు మీద చేరిన పాయింట్లు. కార్డు ఎవరి పేరున ఉందో ఆ మనిషి పోయిన కబురు బ్యాంకుకు అందగానే అవన్నీ రద్దు. వాటికి వారసులు ఉండరు, నామినీ ఉండడు. షరతుల కాగితంలో చీమల్లాంటి అక్షరాల్లో ఈ మాట ఉంది. ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన మనిషిని నేను.

ఆ కార్డుకు ఏటా కట్టే ఫీజు చూసి ఆడిటర్ గారు "ఇంత పోసి ఏం బావుకుంటారమ్మా" అనేవారు. ప్రెస్‌కు కొనే కాగితం, రంగులు, ప్లేట్లు, కరెంటు బిల్లు, అన్నీ దాని మీదే గీశాను. గడువుకు ముందే మొత్తం కట్టేసేదాన్ని. ఒక్క నెల వడ్డీ పడినా పాయింట్ల లాభమంతా దానికే సరిపోతుంది. కొందరు విమానాశ్రయం లాంజ్‌లో కాఫీ తాగుతూ ఫోటో దిగడానికి ఈ కార్డు తీసుకుంటారు. నేను తీసుకున్నది విమానంలో మంచంలా విప్పుకునే సీటు కోసం. అది కూడా నాకోసం కాదు.

మా నాన్న సరుకు ఓడలో ఇంజన్ మెకానిక్. నేను బడిలో ఉండగా, దూరదేశపు రేవులో జ్వరం వచ్చి పోయాడు. ఓడవాళ్ళు ఆ రేవు శ్మశానంలోనే పూడ్చి, రాయి పెట్టించి, దాని ఫోటో పంపారు. అమ్మకు మొగుడి చావు అంటే ఆ ఫోటోనే. ఎవరైనా "పోయిన మీ ఆయన" అంటే, "పోయాడని వాళ్ళు చెప్పారు" అంటుంది, ఇప్పటికీ. రేవును పెంచుతున్నామనీ, ఈ నెలాఖరుకు పాత వరస సమాధులన్నీ తవ్వి, ఎముకలను ఒకే గోతిలో చేరుస్తామనీ ఆ శ్మశానం వాళ్ళు నోటీసు పంపారు. ఇక చూడటానికి రాయి కూడా ఉండదు. మామూలు సీట్లో అంత దూరం అమ్మ వెన్ను భరించలేదు. పడుకునే సీటు డబ్బు పెట్టి కొనాలంటే ప్రెస్‌లో ఒక యంత్రం అమ్మాలి. పాయింట్లతో అయితే పన్నులు కడితే చాలు.

అమ్మకు, తమ్ముడికి, నాకు, ముగ్గురికీ వీసాలు వచ్చాయి. మూడు సీట్లకు సరిపడా పాయింట్లు ఉన్నాయి. అయితే పాయింట్లకిచ్చే సీట్లను విమాన సంస్థ ఎప్పుడు వదులుతుందో ఎవరికీ తెలియదు. సీటు కంటికి కనబడకుండా పాయింట్లను విమాన సంస్థ మైళ్ళుగా మార్చకూడదు, మార్చినవి వెనక్కి రావు. అందుకే కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూస్తున్నాను. ఈలోగా నా గుండె అడ్డం తిరిగింది.

5. ఈ ఉదయం జరిగినది కూడా రాయాలి. మరదలు రేపు తమ్ముణ్ణి దెప్పిపొడవకుండా ఉండేందుకే రాస్తున్నాను. ఆస్పత్రి అడ్వాన్సు కట్టడానికి వాడు నా కార్డూ ఫోనూ పట్టుకుని కింది కౌంటరుకు వెళ్ళాడు. కార్డు గీయగానే ఫోనులో ఒక ప్రశ్న వచ్చిందట, ఈ ఖర్చును పాయింట్లతో తీర్చుకుంటారా అని. వాడు ఆనందంగా నొక్కేశాడు. పాయింట్లకు అంతకంటే హీనమైన ధర ఇంకెక్కడా రాదు. వాక్యూమ్ క్లీనరే నయం. పైకి వచ్చి, "అక్కా, నీ చేతి నుంచి పైసా కదలకుండా అడ్వాన్సు కట్టేశాను చూడు" అన్నాడు.

సగానికి పైగా పోయాయి. పక్కనున్న మానిటరే నా బదులు కూసింది, నర్సు పరుగెత్తుకొచ్చింది. బ్యాంకుకు ఫోను చేస్తే, పోయినవి పోయినట్టే అన్నారు. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. నాకు ఖర్చు తగ్గించాలని తప్ప ఆ క్షణంలో వాడి బుర్రలో ఇంకేమీ లేదు. మా ఇంట్లో ప్రేమ చూపించే పద్ధతి అదొక్కటే. వాడి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గడ్డం చేసుకోలేదు. కొంప ముంచాడన్నది నిజం, నేను వాణ్ణి ప్రేమిస్తున్నానన్నదీ నిజం.

6. మిగిలిన పాయింట్లతో రానూ పోనూ అమ్మకు పడుకునే సీటు ఒకటి, వెనకాల మామూలు సీటు ఒకటి వస్తాయి. నా సీటు పోయింది. అమ్మ ఒంటరిగా వెళ్ళలేదు, లేవాలంటే ఒక చెయ్యి కావాలి. ఆ చెయ్యి తమ్ముడిది.

మధ్యాహ్నం సీట్లు కనబడ్డాయి. రేపు ఉదయం విమానం. అదీ నన్ను లోపలికి తీసుకెళ్ళే వేళకే. ఆ తర్వాత కనబడుతున్నవన్నీ వచ్చే నెలవి. పాయింట్లు మార్చమని నొక్కాను. బ్యాంకు పంపామంటోంది, విమాన సంస్థ రాలేదంటోంది. అక్కడ ఫోనెత్తిన అమ్మాయి జాలిపడి, "ఆరింటి దాకా పట్టి ఉంచుతానండీ, ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అంది. కార్డు మీదే టికెట్లు కొనవచ్చు కదా అని ఆడిటర్ గారు అడుగుతారు. ఆపరేషన్ ఖర్చు కోసం ఆస్పత్రి వాళ్ళు కార్డు పరిమితిని దాదాపు మొత్తం ఆపి ఉంచారు. ప్రెస్ ఖాతాలో ఉన్నవి పనివాళ్ళ జీతాలు, వాటిని ముట్టను.

ఇది రాస్తూ ఫోను చూస్తూనే ఉన్నాను. ఇంకా రాలేదు. నర్సు ఫోను పక్కన పెట్టమంది. ఇవ్వలేదు.

ఒకవేళ రాకపోతే, నేను రేపు లేవకపోతే, ఆడిటర్ గారు పాత డై కటింగ్ మిషన్‌ను వచ్చిన ధరకు వదిలేసి, ఆ డబ్బుతో నెలాఖరులోగా అమ్మను పంపాలి. మాస్టరు ఏడుస్తారు. ఏడ్చినా సరే, మిషన్ పోవాలి.

7. తమ్ముడు వెళ్ళనంటున్నాడు. "నువ్వు ఆపరేషన్ బల్ల మీద ఉంటే నేను విమానంలో కూర్చుంటానా, మనిషినా గొడ్డునా" అని తలకాయ తింటున్నాడు. కాబట్టి షరతు ఇది. అమ్మను తీసుకుని వాడు ఆ విమానం ఎక్కితేనే ప్రెస్ వాడికి చెందుతుంది. ఎక్కకపోతే ప్రెస్ మొత్తం మాస్టరుకు పోతుంది, వాడికి మంచం కింది వాక్యూమ్ క్లీనర్ మిగులుతుంది. ఇలాంటి షరతు కోర్టులో నిలవదని ఆడిటర్ గారు ఫోనులో చెప్పారు. కోర్టులో నిలవకపోయినా ఫర్వాలేదు, వాడి ముందు నిలిస్తే చాలు.

8. ఐదు దాటింది. ఏడో అంశం తమ్ముడికి చదివి వినిపించాను. వాడు బయటికి నడిచాడు. వెళ్ళి అమ్మను తీసుకొచ్చాడు. నేను ఏవో పరీక్షల కోసం చేరానని అమ్మకు చెప్పి ఉంచాం. వాడు దారిలో అంతా కక్కేశాడు.

అమ్మ వచ్చి, తోడు ఉండేవాళ్ళ కోసం వేసిన బల్ల మీద వాలింది. పైకప్పు చూస్తోంది. నేను భయపడ్డది దీనికే. ఆమె "వెళ్ళను" అంటే ఇన్నేళ్ళ నా ఆశ గంగలో కలిసినట్టే. ఆమె వెళ్ళాలి. నేను బతికినా చచ్చినా ఆమె ఆ రాయి మీద చెయ్యి పెట్టాలి. పోయాడని వాళ్ళు చెప్పారు అనడం మానేసి, చూశాను అనాలి. ఇది ఆమె మొహం మీద చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

వచ్చాయి. మైళ్ళు ఖాతాలో పడ్డాయి. తొందరలో తప్పు నొక్కాను, మళ్ళీ నొక్కాను. టికెట్లు రెండూ ఖాయమయ్యాయి. సాక్షి సంతకానికి వచ్చిన ఫిజియోథెరపిస్ట్ చప్పట్లు కొట్టబోయి, అమ్మ మొహం చూసి ఆగిపోయాడు. ఆరో అంశంలో మిషన్ వదిలేయమన్న మాటను కొట్టివేస్తున్నాను.

టికెట్ల సంగతి తమ్ముడు అమ్మకు చెప్పాడు. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి వచ్చి, నా ఆస్పత్రి గౌను ముడి వదులైతే బిగించి కట్టింది. "ఆయన్ని చూసి వస్తాను. నేనొచ్చేదాకా నువ్వు ఇక్కణ్ణుంచి కదలకు" అంది. బతిమాలినట్టు కాదు, పని పురమాయించినట్టు అంది. తమ్ముడు గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఏడో అంశంలోని షరతు అవసరం తీరిపోయింది, అయినా ఉండనివ్వండి.

9. తమ్ముడికి సూచనలు. పన్నులు ఆ కార్డులో మిగిలిన కొద్ది పరిమితితోనే కట్టాను, కాబట్టి విమానం ఆలస్యమైనా సామాను పోయినా బీమా వస్తుంది, రసీదులు పారేయకు. నా కార్డుకు జతగా నీ పేరున ఇచ్చిన యాడ్ ఆన్ కార్డుతో లాంజ్‌లోకి మీ ఇద్దరినీ రానిస్తారు. అక్కడ అమ్మను సోఫాలో పడుకోబెట్టు, ఎవరేమనుకున్నా. విమానంలో అమ్మ "నాకు నిద్ర రావడం లేదు, నువ్వొచ్చి కాసేపు పడుకో నాన్నా" అంటుంది. అబద్ధం, ఒప్పుకోకు.

ఆడిటర్ గారికి సూచన. నేను పోతే, ముందు నా కార్డు బాకీ తీర్చండి. కానీ వాళ్ళిద్దరూ తిరిగి మన గడ్డ మీద కాలు పెట్టేదాకా ఆ కబురు బ్యాంకుకు గానీ విమాన సంస్థకు గానీ చేరవేయవద్దు. తిరుగు టికెట్లు నా ఖాతాలో ఉన్నాయి. ఖాతా మూసేస్తే వాళ్ళు పరాయి రేవులో చిక్కుకుపోతారు. మీరు మొహం చిట్లిస్తారని తెలుసు. చిట్లించుకోండి, కానీ ఎవరికీ చెప్పకండి.

10. ఇక నా శరీరం గురించి. అమ్మ ఆ రాయి దగ్గర ఉన్నప్పుడు ఎవరూ ఫోను చేయకూడదు. కబురు తెలిసినా ఆమెను తొందరపెట్టి వెనక్కి లాక్కురావద్దు. నాన్న దగ్గర ఎంతసేపు కూర్చోగలిగితే అంతసేపు కూర్చోనివ్వండి. కూర్చోలేకపోతే పక్కన పడుకోనివ్వండి. వాళ్ళు తిరిగొచ్చేదాకా నన్ను ఈ ఆస్పత్రిలోనే, చల్లగదిలో, ఎంతయినా కట్టి, ఉంచండి. ఎవరు వచ్చి అడిగినా ఇవ్వకండి. అమ్మ నన్ను కదలవద్దని చెప్పి వెళ్ళింది.

తేదీ: మార్చి ఇరవై నాలుగు, మంగళవారం సాయంత్రం.

సంతకం: పెట్టెలక్క, అట్టపెట్టెల ప్రెస్ యజమానురాలు

ఆమె మా ఎదుట, మేము ఆమె ఎదుట సంతకం చేశాము. ఈ వీలునామా వల్ల మాకు ఏ లాభమూ లేదు.

సాక్షి: ఈ అంతస్తు ఫిజియోథెరపిస్ట్

సాక్షి: కింది బిల్లింగ్ కౌంటర్ గుమాస్తా