సోని చేను, సోములమ్మ చెయ్యి

గుమ్మలవలస, అరకు దగ్గర,
అక్టోబరు 2008.

విశాఖపట్నంలో 'మన చేను' అనే కంప్యూటరు ఆట నడిపే కంపెనీవారికి గుమ్మలవలస సోములమ్మ చెప్పి రాయించునది. దణ్ణాలు తరువాత పెడతాను, ముందు విషయం వినండి.

మా మనవరాలు సోని అరకులో ఇంటర్ చదువుతోంది. సెలవు రోజుల్లో ఫల్గుణ ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని మీ ఆటలో ఒక చేను సాగు చేస్తోంది. ఊరూరి పిల్లలు అందులో పక్కపక్కనే చేలు వేసుకున్నారట. విత్తనానికో నొక్కు, నీళ్లకో నొక్కు. ఎవరి చేను బాగా పండితే వారి పేరు పైన.

ఇప్పుడు మీరు దాని చేనుకు తాళం వేశారు. 'మిషను పెట్టి దొంగసాగు చేసినవారు' అని అందరూ చూసే పలక మీద దాని పేరు, ఊరి పేరు ఎక్కించారు. ఫల్గుణ దాన్ని సెంటరుకు రావద్దన్నాడు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది, కాలేజీకి వెళ్లనంటోంది.

దొంగసాగు జరిగిందని మీరు చెప్పే ఆ వారమంతా సోని మలేరియాతో మంచంలో ఉంది. నీళ్ల చెంబు ఎత్తలేని గుంటపిల్ల మిషను ఎలా పెడుతుంది? మా ఊళ్లో పిండిమర కూడా లేదు. నాకు మీ బహుమతులేవీ అక్కర్లేదు. పిల్ల పేరు తుడిచేయండి.

ఇట్లు,
సోములమ్మ వేలిముద్ర.

తా.క. రాసినది చర్చి ఉపదేశి యేసుపాదం. ఆమె చెప్పిన మాటల్లో కొన్నింటిని నేను రాయలేదు, మన్నించగలరు.

మరో తా.క. ఆయన రాయలేదని నాకు తెలిసింది. అవి కూడా ఉన్నాయనుకుని చదువుకోండి. సోములమ్మ.

*

విశాఖపట్నం.

గౌరవనీయులైన సోములమ్మ గారికి నమస్కారములు.

మీ మనవరాలు మంచంలో ఉన్నారని మీరు రాయడంతో మా అనుమానం తీరలేదు సరికదా, గట్టిపడింది. ఆడే మనిషి లేనప్పుడు అతని బదులు పని చేసుకుపోయేదాన్నే మా భాషలో మాక్రో అంటారు. యజమాని పడుకున్నా అది నీళ్లు పెడుతూనే ఉంటుంది. సోని చేనులో సెంటరు తెరిచింది మొదలు మూసేవరకు ఒకే లయలో నొక్కులు పడ్డాయి. మనిషైతే భోజనానికైనా లేస్తాడు కదా. సొంత చేత్తో ఆడుకునే మిగతా పిల్లలకు ఇది ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

ఆ మాక్రో పేరు, అది ఎక్కడ దొరికిందో రాయండి. దాన్ని శాశ్వతంగా తొలగించినట్లు హామీ ఇస్తే పేరు తీసే సంగతి పరిశీలిస్తాం.

భవదీయుడు,
వరహాలరావు,
న్యాయమైన ఆట విభాగం.

తా.క. మీ ఉత్తరంలో ఎక్కని మాటలకు కూడా మా విభాగం నొచ్చుకుంది.

*

గుమ్మలవలస.

వరహాలరావు బాబుకు సోములమ్మ రాయించునది. ఈసారి నమస్కారం పెడుతున్నాను, ఎందుకంటే మీరు విషయం విడమరిచి చెప్పారు.

యజమాని లేనప్పుడు బదులు పని చేసేది మాక్రో అయితే ఆ మాక్రోను నేనే. పేరు సోములమ్మ. ఎక్కడ దొరికిందని అడిగారు: సాలూరు పైన కొండలో పుట్టాను, పెళ్లయి ఇక్కడికి వచ్చాను. శాశ్వతంగా తొలగించమన్నారు. నా కోడలు కూడా ఇంతవరకు ఆ మాట పైకి అనలేదు.

జరిగింది ఇది. జ్వరంలో సోని ఏడుస్తోంది. "నానమ్మా, సేను ఎండిపోతంది" అంటుంది. "ఏ సేనే గుంటా, మన సేను పచ్చగానే ఉంది కదా" అన్నాను. "అది కాదే, కంప్యూటర్లో సేను" అంది. ఎక్కడిదైతేనేం, ఎండిపోతోందంటే ఎలా ఊరుకుంటాం? జీపెక్కి సెంటరుకు పోయాను. ఫల్గుణ నన్ను చూసి, "నీకేటి తెలుస్తాది ముసలమ్మా, ఇంటికి పో" అన్నాడు. "నీ తాత గోచీ పెట్టుకున్న కాడినుంచి సేలు సేత్తన్నాను. ఎక్కడ నొక్కాలో బేగి సూపించు" అన్నాను. చూపించాడు.

భోజనానికి లేవలేదన్నారు. శుభ్రంగా లేచాను. నేను లేస్తే పక్కింటి రత్న కూర్చుంది. రత్న లేస్తే మంగ్లు పెళ్లాం కూర్చుంది. ఒకే లయ అంటారా, అందరం ఒకే రోట్లో చోళ్లు దంచినవాళ్లం. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడాలి. లయ తప్పితే చెయ్యి నలుగుతుంది. ఆ అలవాటు మీ మౌసు పట్టుకుంటే పోతుందా?

మాక్రో ఎవరో చెప్పాను. ఇక పేరు తీసేయండి.

ఇట్లు,
మాక్రో సోములమ్మ వేలిముద్ర.

తా.క. మాక్రోలకు కంపెనీవారు గుర్తింపు కార్డు ఏమైనా ఇస్తారా అని రత్న అడుగుతోంది.

*

విశాఖపట్నం.

సోములమ్మ గారికి,

మీ నేరాంగీకార పత్రం అందింది. మనుషులను విడతలవారీగా కూర్చోబెట్టి ఒకరి చేను సాగు చేయించడం మా నిబంధనల్లో మాక్రోకన్నా పెద్ద తప్పు. ఇతర దేశాల్లో కూలికి ఆడిపెట్టే ముఠాలు ఉన్నాయని విన్నాం గానీ, అరకు కొండల్లో ఒకటి నడుస్తోందని మా ఊహకు అందలేదు. ముఠా స్థావరమైన ఫల్గుణ సెంటరు నుంచి ఇకపై ఎవరూ మా ఆటలోకి రాకుండా తాళం వేశాం. సోని పేరు పలక మీద పెద్ద అక్షరాల్లోకి మార్చాం.

ముఠా నాయకురాలు ఎవరు, మనిషికి కూలి ఎంత, తిరుగు టపాలో తెలుపగలరు.

వరహాలరావు.

తా.క. మంగ్లు భార్య సొంత పేరు మీ ఉత్తరంలో లేదు. రికార్డు కోసం కావాలి.

*

గుమ్మలవలస.

వరహాలరావుకు,

ఇప్పుడు అరకు పిల్లలందరూ మా వాకిట్లోనే ఉన్నారు. ఫల్గుణ వచ్చి, "నీకు దండం ఎడతాను తల్లీ, ఇంకో ఉత్తరం రాయించకు" అన్నాడు. రాయిస్తున్నాను.

నాయకురాలిని నేనే. కూలి లేదు. మా కొండమీద ఒక ఇంట్లో మనిషి పడుకుంటే ఆ ఇంటి చేనులోకి ఊరు దిగుతుంది. దిగినవారికి అంబలి పోస్తాం. రేపు వారికి కష్టం వస్తే మేము దిగుతాం. నా మోకాలు వాచినప్పుడు నా వలిసెల చేను కోసింది రత్నే. మీ ఇంట్లో ఆడమనిషికి ఒంట్లో బాగోలేకపోతే పక్కింటావిడ వచ్చి అన్నం వండిపెడుతుంది. దాన్ని దొంగవంట అని మీ వీధిలో పలక మీద రాస్తారా?

మిషను పెట్టినవాడిది తప్పే, ఆ మాటలో మీకూ నాకూ తగువు లేదు. మిషనుకు నడుం నొప్పి లేదు. అది ఒకరికి చేసిపెట్టేది లేదు, దానికి ఒకరు చేసిపెట్టేది లేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆడితే ఒళ్లు వంచే పిల్లలు ఏమైపోవాలి? కానీ మిషనుకూ మనిషికీ తేడా తెలియనివాడు న్యాయం విభాగంలో కూర్చోవడం అంతకన్నా తప్పు.

ఎంత లయగా నొక్కామో లెక్కేశారు. నొక్కి ఏం చేశామో చూశారా? అంతా మీ దగ్గర కనబడుతుందంటున్నారు కదా, కళ్లు పెట్టి చూడండి. చూశాక కూడా దొంగలమే అనిపిస్తే నా పేరు రాసుకోండి. ముసలిదాన్ని, ఇంకే పలక మీదా నా పేరు ఎక్కేది లేదు. దాని పేరు తీసేయండి. అది ముందు ముందు బతకాల్సిన గుంట.

ఇట్లు,
సోములమ్మ. వేలిముద్ర గట్టిగా వేశాను.

తా.క. మంగ్లు పెళ్లాం తన పేరు చెప్పదట. మిమ్మల్ని ఫారెస్టువాళ్లు అనుకుంటోంది.

మరో తా.క. ఈసారి ఒక్క మాట కూడా వదలలేదు. ఆమె రోకలి పక్కన పెట్టుకుని కూర్చుంది. యేసుపాదం.

*

విశాఖపట్నం,
నవంబరు 2008.

సోములమ్మ మామ్మకు వరహాలరావు సొంత చేత్తో రాస్తున్నది.

మీరు చెప్పినట్టే చూశాను. ఇంతకాలం మా విభాగంలో నొక్కుల వేగమే చూశాం, ఆ నొక్కులు ఎక్కడ పడ్డాయో చూడలేదు. సోని చేను తడిసిన తరువాత మీ చేతులు ఆగలేదు. గట్టు దాటి పక్క చేనులో కలుపు తీశారు. దాని పక్కదానికి నీళ్లు పెట్టారు. ఆటలో అందువల్ల సోనికి ఒక్క గింజ కూడా రాదు. మాక్రో తన యజమాని గట్టు దాటదు. దాన్ని తయారుచేసేవాడు ఎంత తెలివైనవాడైనా, దాటించాలన్న ఆలోచన వాడికి రాదు.

సోని పేరు తీసేశాం. అదే పలక మీద 'ఈ అమ్మాయి విషయంలో తప్పు మాది' అని ఆటగాళ్లందరికీ కనబడేలా రాశాం. ఫల్గుణ సెంటరుకు తాళం తీశాం. సోనిని కాలేజీకి వెళ్లమని చెప్పండి.

ఇక మీకు చెప్పుకోవలసినది ఒకటి ఉంది. మీరు నీళ్లు పెట్టిన ఆ చేలలో, ఎండి నేలకు పడిపోయిన వంకాయ చేను నాది. మారుపేరుతో ఆడుతుంటాను. దొంగలను పట్టే పనిలో పడి నెలరోజులుగా దాని మొహం చూడలేదు. అది ఇప్పుడు విరగకాసి జిల్లాలోనే పైకి వచ్చింది.

యజమాని అడుగుపెట్టని చేను ఇలా ఎలా పండిందని మా పై అధికారి నాకు నోటీసు ఇచ్చారు. ఒకే లయలో నొక్కులు పడ్డాయట. సోని పేరు తీసిన చోట ఈ ఉదయం నా పేరు ఎక్కించారు. నా చేను తడిపింది మనుషులేనని ఎంత చెప్పినా, అరకులో నాకు తెలిసినవారు ఎవరున్నారని అడుగుతున్నారు. మామ్మా, నా తరఫున మా కంపెనీకి ఒక ఉత్తరం రాయించగలరా?

మీ పద్ధతి ప్రకారం నేను మీ ఊరికి పని బాకీ పడ్డాను. కాఫీ కోతకు వస్తాను.

మీ
వరహాలరావు.

తా.క. కోత ఎప్పుడు మొదలో తెలపండి. ఉద్యోగం ఉంటే సెలవు పెట్టి వస్తాను. ఊడితే రేపే వస్తాను.