అక్కడక్కడా

ఆగస్టు 4
ఎండ. కళ్లు తెరవనివ్వని ఎండ. చందానగర్‌కు వరద ముప్పు అని ఊరి పేరు పెట్టి మరీ హెచ్చరిక రాశాను నిన్న. నా మాట నమ్మి వదిన మార్కెట్‌లో తన టైలరింగ్ షాపున్న సెల్లార్ ఖాళీ చేసింది. మిషన్లు, శ్రావణమాసం పెళ్లిళ్ల జాకెట్లు, అన్నీ ఇంటికి. ఇవాళ మళ్లీ సెల్లార్‌కు. అన్న ఒకటే నవ్వు — "మా చెల్లె గొడుగు తీస్కపొమ్మన్నదంటే గా దినం వడియాలు పెట్టుకోవచ్చు." వదిన నవ్వలేదు. షాపు మూసి ఉండటం చూసి ఒకావిడ జాకెట్ గుడ్డ వాపసు తీసుకుపోయిందట.

ఆగస్టు 5
ఆఫీసులోనూ అదే. కంప్యూటర్ గీసిన మ్యాపులు చూసి ఆరు జిల్లాలకు తెలుగులో హెచ్చరికలు రాసేది నేనే కదా. టీమ్ లీడ్ మూర్తి గారు కుర్చీ జరుపుకుంటూ వచ్చి, మెల్లగా — "ఊరి పేర్లు ఎందుకండీ? అక్కడక్కడా అనేయండి. ఎప్పటికీ తప్పవదు."
పాము చావదు, కర్రా విరగదు.

ఆగస్టు 8
మధ్యాహ్నం మ్యాపు. సంగారెడ్డి పసుపు, వికారాబాద్ నారింజ. చందానగర్, మియాపూర్‌ల మీద ఎర్ర మచ్చ... పోయినసారి కంటే చిక్కగా. 'చందానగర్' అని టైప్ చేశాను. అన్న నవ్వు గుర్తొచ్చింది. చెరిపేశాను. 'నగర శివార్లలో అక్కడక్కడా భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది.' పంపేశాను. వదినకు విడిగా ఫోన్ చేద్దామనుకున్నాను. చేయలేదు.

ఆగస్టు 9
నిన్న సాయంత్రం మార్కెట్ పక్క మురుగు నాలా పొంగింది. సెల్లార్ మెట్ల మీదుగా నీళ్లు. జాకెట్లు పైకి తేబోయి వదిన జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.
దవాఖానలో వదిన వాళ్లమ్మ నా వైపు చూసి — "వానల సంగతి చూసే పిల్లవే గదా, ముందుగాల చెప్పొద్దా?"
వదినే అడ్డుపడింది. "పాపం, చెప్పిందమ్మా. అక్కడక్కడా అని మెసేజ్ వచ్చింది. మా తాన గాదనుకున్నం మేమే."
నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె మొహం చూడలేక కట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 11
మీటింగ్. తెర మీద పట్టిక: మేం చెప్పింది ఒక వరసలో, నిజంగా కురిసింది పక్క వరసలో. శివార్ల ఎదురుగా పచ్చ టిక్కు. "కరెక్టుగా చెప్పామండీ," అన్నారు మూర్తి గారు. ఎందుకు కాదు? ఎక్కడ పడినా అక్కడక్కడా పడ్డట్టే. అందరూ చప్పట్లు.
నేనూ కొట్టాను. ఛీ.

ఆగస్టు 12
చెప్పేయాలి. వదినకు. అంతే.

ఆగస్టు 13
వెళ్లాను. వదిన ఎడమ చేత్తో హుక్కులు కుట్టాలని చూస్తోంది. సూది గుడ్డలో కాక వేలిలో దిగుతోంది. దారం ఎక్కించి ఇచ్చాను.
"ఏంది పిల్లా, మొగం గట్ల పెట్టినవ్? నువ్వేం జేస్తవ్, వానను ఆపుతవా?"
"వదినా, ఆ రోజు మ్యాపులో..."
అన్న టీ తెచ్చాడు. "మ్యాపుల ఏమున్నది?" అన్నాడు.
ఏం లేదన్నాను. టీ తాగి వచ్చేశాను.

ఆగస్టు 16
మళ్లీ ఎరుపు. మళ్లీ అక్కడే. ఈసారి పేరు రాశాను — చందానగర్, మియాపూర్, లోతట్టు ప్రాంతాలు, సెల్లార్లు ఖాళీ చేయండి. మూర్తి గారు చూసి కుర్చీ వెనక్కి జరుపుకుని వెళ్లారు. ఏమైనా అంటే ఏం చెప్పాలో తయారుగానే ఉన్నాను... ఇప్పుడొచ్చింది ధైర్యం, చేతులు కాలాక.
అది జనానికి చేరేలోపే వదిన నుంచి వాయిస్ మెసేజ్. "మబ్బు పట్టింది పిల్లా. ఇయ్యాల గా అక్కడక్కడాల మేమున్నమా?"
ఉన్నారు వదినా, మ్యాపులో కనిపిస్తోంది, మిషన్లు పైకి తెప్పించు — అని పంపాను.
ఈపాటికి అన్న మిషన్లు మోస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత ఇంకో వాయిస్ మెసేజ్. చిన్నది.
"మ్యాపుల కనబడ్తదా? మరి పోయినసారి గూడ ఉంటిమా?"
విన్నాను. విన్నట్టు నీలం గుర్తు ఆమె ఫోన్‌లో పడే ఉంటుంది.