దిండులో లేని టేపులు

ముప్పై ఏళ్ళు యుద్ధాల వెంట తిరిగి వార్తలు రాసిన నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. తెలివి సరిగ్గానే ఉందని డాక్టరు రాసిచ్చారు. ఆయనొక్కడి మాట నమ్మలేక ఇంకో డాక్టరు చేత కూడా రాయించి జతచేశాను.

1. నేను పోయిన వెంటనే ఈ కవరు విప్పకూడదు. కింద చెప్పిన అంబులెన్సు డ్రైవరు పెళ్ళాం పిల్లలతో సరిహద్దు దాటి, ఆయన చెప్పినదంతా మన పోటీ పత్రికలో అచ్చయిన మర్నాడే విప్పాలి.

2. సరిహద్దు ఊళ్ళో ఆసుపత్రి మీద బాంబులు వేసింది శత్రువులు కాదు, మనవాళ్ళే. అది కళ్ళారా చూసి బతికినవాడు ఆ డ్రైవరొక్కడే. ఆయన గొంతు నా టేపుల్లో ఉంది. అవి సైన్యానికి చిక్కితే ఆయన ప్రాణం దక్కదు. వాటిని ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడానికి వృత్తిలో వాడిన కిటుకే ఇంట్లోనూ వాడాను. ఆపరేషనుకు వెళ్ళేముందు ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పాను. ఎడిటర్ గారితో దిండులో కుట్టానన్నాను. మా మరదలితో, అంటే పక్క వాటాలో ఉండే తమ్ముడి భార్యతో, కుట్టుమిషన్ సొరుగులో పెట్టానన్నాను. రెండుచోట్లా ఒక తలవెంట్రుక అంటించి వెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే రెండూ తెగి ఉన్నాయి! ఔరా అనుకున్నాను.

3. మా మరదలికి: ఇరవై ఏళ్ళుగా నీ మీద నాకు అనుమానమే. నాకొచ్చిన ప్రతి కవరూ లైటుకు అడ్డంపెట్టి చూస్తావు. కానీ ఆ రోజు నేను చెప్పులు విడవకముందే నువ్వే మొదలుపెట్టావు. "వదినా, తిట్టకు, ఆగలేక సొరుగు తీశాను. నీ టేపులు లేవే! ఎవడెత్తుకుపోయాడో ఏమో, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. అన్నట్టు మిషన్‌కి నూనె కూడా వేశాను." నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఇల్లు, మిషను, అసలు టేపులు నీవే. ఈ వీలునామా అమలు బాధ్యతా నీదే. తమ్ముడు నువ్వు చెప్పినట్టు వినాలి. ఎలాగూ వింటున్నాడనుకో.

4. ఎడిటర్ గారికి: ఆధారాలు చాలవంటూ నా కథనం పక్కన పడేశారు. నా ఆపరేషనప్పుడు మాత్రం ఆసుపత్రికి రోజూ బత్తాయిలు తెచ్చారు. "మీరు కోలుకోండమ్మా, ఇంట్లో మొక్కలకి నేను నీళ్ళు పోస్తాను" అని తాళంచెవి తీసుకున్నారు. మొక్కలన్నీ ఎండిపోయాయి. దిండు మాత్రం కోసి, మళ్ళీ కుట్టి ఉంది. తెల్ల గలీబుకి నల్లదారమా, మహానుభావా? ఆ దిండు మీకే రాసిచ్చాను. తల కింద పెట్టుకుని, మన పోటీ పత్రిక నిన్నటి మొదటి పేజీ చదువుకోండి.

తేదీ: మార్చి తొమ్మిది

సంతకం: ఆఫీసులో అందరూ అనుమానాలమ్మ అని పిలిచే నేనే

సాక్షులు (ఇద్దరి గుర్తింపు కార్డులూ చూశాను):
కింది వాటాలో పళ్ళ డాక్టరు
నా తలుపుకి కొత్త తాళం బిగించినాయన