గోడ పక్క ప్రెస్ ఆగింది

22 మార్చి 2020, ఆదివారం

ఈ డైరీ మా మహిపాల్‌కు వాళ్ల చర్లపల్లి కంపెనీ ఇచ్చింది. కొడుక్కి రాసే ఓపిక లేదు, నాకు పారేసే మనసు లేదు. అందుకని నేను రాస్తున్నాను.

ఇవాళ జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదింటికి నాచారమంతా పళ్లేలు పట్టుకుని బయటికొచ్చింది. మా ఆవిడ ఉప్పలమ్మ పెళ్లినాటి ఇత్తడి తాంబాళం తీసి గరిటెతో వాయించింది. ఆ కొట్టుడు చూస్తే కరోనా మీద కోపంలా లేదు. ఇంకెవరి మీదో చాన్నాళ్లుగా దాచుకున్నట్టుంది. నేను రెండడుగులు దూరం జరిగాను.

నా చూపు మాత్రం మనవడి మీదే. విక్రమ్‌కు రెండేళ్లు దాటాయి. ఇంతవరకు ఒక్క మాట రాలేదు. అమ్మ అనలేదు, తాత అనలేదు. గడప మీద కూర్చుని చెంచాతో మట్టి తవ్వుకుంటున్నాడు. తాంబాళం వాడి చెవి పక్కనే మోగింది. తల తిప్పలేదు.

కోడలు కావ్య కూడా చూసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

24 మార్చి, మంగళవారం

తార్నాకలో చెవుల డాక్టరు దగ్గర శుక్రవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఇవాళ ఫోన్ చేసి క్యాన్సిల్ అన్నారట. మళ్లీ ఎప్పుడో వాళ్లకూ తెలియదట. కావ్య ఫోన్ ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

పిల్లాడికి వినపడదేమోనని ఆమె భయం. నా భయం ఇంకొకటి. జీవితమంతా రేకులు కొట్టే ప్రెస్ మిషన్ల మీద పనిచేసి ఒక చెవి సగం పోగొట్టుకున్నవాణ్ణి. అది రక్తంలో దిగుతుందా? చదువుకున్నవాళ్లను అడగాలి. నా చదువు పకోడీ పొట్లాల కాగితాల మీద సాగిన చదువు. ఏ సంగతైనా సగమే తెలుసు, మిగతా సగం ఇంకొకరి పొట్లంలో పోయింది.

25 మార్చి, ఉగాది

మామిడికాయ దొరకలేదు. పచ్చడి అది లేకుండానే అయింది.

పొద్దుటి నుంచి ఇంట్లో ఏదో తక్కువైనట్టుంది. గ్యాస్ చూశాను, ఉంది. ఫ్యాన్ చూశాను, తిరుగుతోంది. మధ్యాహ్నం అన్నం తింటుంటే తట్టింది. ప్రెస్ లేదు.

మా గోడకు ఆనుకుని బుచ్చిబాబు షెడ్డు. తణుకు నుంచి వచ్చి స్టీలు గిన్నెల మూతలు కొట్టిస్తాడు. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ధన్, ధన్, ధన్. ఆదివారం కూడా సెలవు లేదు. మహిపాల్ ఇంటర్ చదివే రోజుల్లో వచ్చిందా షెడ్డు. మొదట కొట్లాడాం. తర్వాత అలవాటుపడ్డాం. ఆ మోతలో అరిచి గొంతులు పోగొట్టుకోవడం దేనికని నేనే ఇంట్లో అందరికీ చేతులతో మాట్లాడటం నేర్పాను. ప్రెస్ షాపుల్లో పనివాళ్లం అట్లాగే మాట్లాడుకునేవాళ్లం. మణికట్టు తిప్పితే చాయ్. పొట్ట మీద తడితే అన్నం. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు. చెవి పక్కన వేలు గుండ్రంగా తిప్పితే నేను. ఇది మాత్రం ఉప్పలమ్మ కనిపెట్టింది. కావ్య కాపురానికొచ్చాక అన్నిటికంటే ముందు నేర్చుకుంది అదే.

ఇప్పుడు ఆ మోత ఉన్న చోట ఖాళీ. కోయిల కూత వినపడింది. నాచారంలో కోయిలా అని గేటు దాకా పోయి చూశాను. పోలీసు చెయ్యెత్తితే లోపలికొచ్చాను.

28 మార్చి, శనివారం, మధ్యాహ్నం 3

విక్రమ్ మూడు రోజులుగా పగలు నిద్రపోవడం లేదు. కావ్య జోకొట్టింది, ఉప్పలమ్మ భుజాన వేసుకుని తిప్పింది. వాడు గోడ వైపు చూస్తూ ఏడుపు.

గోడ వైపే ఎందుకు?

పాత నూనె డబ్బా తెచ్చి గూటంతో కొట్టాను. ప్రెస్ వరస నాకు నిద్రలోనూ తెలుసు: ధన్, ఒక ఊపిరి, ధన్. వాడు కాసేపటికి నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

ఉప్పలమ్మ వచ్చి, నీకేమన్న పుర్రె తిరిగిందా, పోరడు పన్నంక డబ్బా కొడుతవేంది అంది. పోరడు పడుకుందే డబ్బా కొట్టినందుకు అని చెప్పాను. చెవిటి పిల్లవాడికి చప్పుడు లేకపోతే నిద్ర పట్టకపోవడం ఏమిటి?

కావ్య ఆశపడలేదు. నేల అదిరినందుకు పండుకున్నడేమో మామా అంది. పిల్లకు బుద్ధి ఎక్కువ. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అది నిజం కావచ్చు.

29 మార్చి, ఆదివారం

డబ్బా నేల మీద పెట్టలేదు. కిటికీ బయట నిలబడి, స్టీలు గ్లాసు చేత్తో ఎత్తిపట్టుకుని, రూపాయి బిళ్లతో నెమ్మదిగా కొట్టాను. నేల అదరదు, వాడికి నేను కనపడను.

నిద్రపోయాడు.

కావ్య కిటికీ లోపలి నుంచి నన్ను చూసింది. ఇంకా కొట్టు మామా, ఆపకు అంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను. తాంబాళానికి తల ఎందుకు తిప్పలేదో ఇప్పుడు తెలిసింది. పుట్టినప్పటి నుంచి అంతకంటే పెద్ద మోతలో పెరిగాడు. పెళ్లి తాంబాళం వాడికొక లెక్కా!

మరి మాటలేవి?

2 ఏప్రిల్, గురువారం

జవాబు గోడ మీద నుంచి వచ్చింది.

బుచ్చిబాబు షెడ్డులోనే ఇరుక్కుపోయాడు. భార్యాపిల్లలు తణుకులో. ఉప్పలమ్మ గోడ మీదుగా రెండు పూటలా గిన్నె అందిస్తోంది. పాపం పొద్దుపోక డ్రమ్ము మీద నిలబడి మా వాకిట్లోకి చూస్తుంటాడు. ఇవాళ చాలా మర్యాదగా అడిగాడు: హన్మయ్యగారూ, ఏమీ అనుకోకండి, మిషన్లు ఆగిపోయి ఇన్నాళ్లయింది కదండీ, ఇంకా మీరంతా చేతులతోనే మాట్లాడుకుంటున్నారేమిటండీ అని.

నా చేతిలో ఖాళీ చాయ్ గ్లాసు ఉంది. ఇంకో చాయ్ కోసం మణికట్టు తిప్పుతున్నాను. అది గాల్లోనే ఆగిపోయింది.

వాడు మూగవాడు కాదు. మా ఇంటి భాష వాడికి పూర్తిగా వచ్చు. మా ఇంటి భాషలోనే మాటల్లేవు.

3 ఏప్రిల్, శుక్రవారం

తీర్మానం: ఇంట్లో ఎవరైనా సరే చేతులు వెనక్కి కట్టుకునే మాట్లాడాలి. మహిపాల్ నవ్వాడు. ఉప్పలమ్మ అతని చేతులు తువాలుతో కట్టేసింది.

5 ఏప్రిల్, ఆదివారం

చేతులు కట్టుకుంటే నాకు ఉప్పు అనే మాట కూడా గుర్తు రావడం లేదు.

9 ఏప్రిల్, గురువారం

ఇవాళ ఘోరం జరిగింది. విక్రమ్ బొటనవేలు నోటికి పెట్టాడు. నలుగురం చేతులు వెనక్కి పెట్టుకుని నీళ్లు అను, నీళ్లు అను అంటూ నిలబడ్డాం, స్కూల్లో ప్రార్థనకు నిలబడినట్టు. వాడు మళ్లీ చూపించాడు. కాళ్లు తపతపా కొట్టాడు. చివరికి మాకే తెలివి తక్కువనుకున్నాడు. నా చెయ్యి ముందుకు లాగి, బొటనవేలు నిలబెట్టి, దాన్ని నా నోటికి ఆనించాడు. నాకు నేర్పుతున్నాడు.

కావ్య ఏడుస్తూ లోపలికి పోయింది. వీనికి మాటలు రావు మామా, నన్ను ఊకనే ఆశ పెట్టకున్రి అంది.  నేను చేతులు విప్పుకున్నాను.

నీళ్లు ఉప్పలమ్మ తెచ్చింది. నోరు ఎండవెడితే మాటలొస్తయా, తాపుకుంట చెప్పాలె గని అని మా అందరినీ కలిపి తిట్టింది. గ్లాసు వాడి నోటి దగ్గర పెట్టి, నీళ్లు బిడ్డా, సల్లటి నీళ్లు, కుండల నీళ్లు అని గ్లాసు ఖాళీ అయ్యేదాకా చెప్పింది.

10 ఏప్రిల్, శుక్రవారం

నాకు డ్యూటీ పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడికి కబుర్లు చెప్పాలి. ఇంతకాలం నేను నోరు తెరిస్తే పనులు గుర్తొచ్చేవి అందరికీ. ఇప్పుడు ఆపితే తిడుతున్నారు. ఈ రోగం ఎవరికి ఏం చేసిందో గానీ నాకు వినేవాణ్ణి ఇచ్చింది.

16 ఏప్రిల్, గురువారం

ఉప్పలమ్మకు ఏడాదిగా మోకాలు నొప్పట. ఎన్నడూ చెప్పలేదేమని అడిగాను. దానికి సైగ నువ్వు నేర్పలేదు గదా అంది.

నిజమే. మా సైగల్లో అన్నం ఉంది, చాయ్ ఉంది, ఎందుకు అనేది లేదు. నిన్న అనేది లేదు. మహిపాల్‌కు కంపెనీలో మేనేజరంటే భయమని, కావ్యకు పాటలు వచ్చని ఈ వారమే తెలిసింది. ఒక ఇంట్లో ఉంటూ ఒకరికొకరం చాయ్, అన్నం అందించుకునే హోటలు మనుషుల్లా బతికాం. ఇవాళ నలుగురం కూర్చుని చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. ముఖ్యమైనదేమీ లేదు. అదే బాగుంది.

బుచ్చిబాబు గోడ మీద నుంచి వాడికి ఏమిటిరా అబ్బాయ్, ఏమిటీ అని నేర్పుతున్నాడు. మనవడు ఆంధ్రా మాట ఎత్తుకుంటాడేమోనని మహిపాల్ ఎగతాళి చేశాడు. ఉప్పలమ్మ నవ్వలేదు. ఏ భాషైతేంది, రానీ అంది.

23 ఏప్రిల్, గురువారం, ఉదయం 11

 వరసగా రాస్తాను.

లాలాపేట్ బస్సులోకి బర్రె ఎక్కిన కథ చెబుతున్నాను వాడికి. బర్రె ముందు తలుపులో ఇరుక్కుంది, కండక్టర్ వెనక తలుపులో నిలబడి టికెట్ అడుగుతున్నాడు. అక్కడ దగ్గు వచ్చి ఆగాను. 

ఏంది అని వినపడింది.

ఉప్పలమ్మ అనుకుని వెనక్కి చూశాను. ఆమె మిద్దె మీద వడియాలు పెడుతోంది. విక్రమ్ నా మీసం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నాడు. ఏంది, అన్నాడు మళ్లీ. కొంచెం కోపంగా. కథ మధ్యలో ఆపినందుకు.

బర్రె ఏమైందో నాకు గుర్తులేదు. కావ్యా అని అరిచాను. ఆమె పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. వాడు ఆమెను కూడా అడిగాడు, ఏంది అని. ఆమె వాణ్ణి ఎత్తుకుని వాకిలంతా తిరిగింది.

గోడ మీద బుచ్చిబాబు మొహం కాస్త చిన్నబోయింది. నేను ఏమిటి అని నేర్పానండీ అన్నాడు. తర్వాత ఆయనే కళ్లు తుడుచుకున్నాడు.

24 ఏప్రిల్, శుక్రవారం

నీళ్లు. తాత. బర్రె. ఏంది, ఏంది, ఏంది.

13 మే, బుధవారం

చెవుల డాక్టరు క్లినిక్ తెరిచారు. కావ్య, మహిపాల్ వాణ్ణి తీసుకుని బండి మీద పోయారు. నేను ఫోన్ పక్కన కూర్చున్నాను. ఒంటిగంటకు మోగింది. నాయినా, రెండు చెవులు మస్తుగ ఉన్నయట అన్నాడు మహిపాల్. వాడితో బాగా మాట్లాడమని డాక్టరు చెప్పాడట. నీ చెవి వానికి రాలేదు, ఫికర్ చెయ్యకు అని కూడా అన్నాడు. నేను ఎవరికీ చెప్పుకోలేదనుకున్నాను.

ఉప్పలమ్మ ఎదురుగా నిలబడింది. ఫోన్ ఆమె చేతికిచ్చాను.  ఆమెకు తెలిసిపోయింది.

17 మే, ఆదివారం

బుచ్చిబాబు గేటు దగ్గరికి వచ్చాడు, మాస్కుతో. రేపటి నుంచి ప్రెస్ నడుపుకోవచ్చట. పెద్ద మిషన్ అవతలి మూలకు జరిపించి కింద రబ్బరు వేయించానండీ, మధ్యాహ్నం పిల్లాడి కోసం ఆపుతానండీ, ఇంకా కొన్నాళ్లు వద్దంటే మొదలెట్టనండీ అన్నాడు. కావ్య మొహంలో రంగు మారింది. మళ్లీ పాత రోజులొస్తాయని.

ఉప్పలమ్మ తీర్పు చెప్పింది: మూతలు కొట్టకుంటే నీ పిల్లలేం తింటరు బిడ్డా, నడుపుకో, మేం జర గట్టిగ మాట్లాడుకుంటం.

18 మే, సోమవారం

పదింటికి ప్రెస్ మొదలైంది. విక్రమ్ గోడ దగ్గరికి పరుగెత్తి, ఏంది, ఏంది అని ప్రెస్‌ను తిట్టడం మొదలుపెట్టాడు.

అది ఆగలేదు. వాడూ ఆగలేదు.