ఎలీశమ్మ డబ్బాలో నీలం పూలు

దిలుసుఖ్‌నగర్,
24-3-1969, సోమవారం.

చిరంజీవి సౌభాగ్యవతి వేదవతికి,

పట్టాభి ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నాకు ఒంట్లో కులాసాగానే ఉంది, మనసు సంగతి కింద రాస్తాను. భీమవరంలో నువ్వూ, సూర్యప్రభా, అత్తయ్యగారూ, మామయ్యగారూ క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను.

భోజనం ఎలా జరుగుతోందని అడిగావు. వంట బాగానే వస్తోంది. చింతపండు ముందే వేస్తే కందిపప్పు ఉడకదన్న రహస్యం రెండు నెలలకు నా అంతట నేనే కనిపెట్టాను. ఆఫీసు తెరిచిన రోజు తెరుస్తున్నారు, లేని రోజు లేదు. బస్సులూ అంతే, అందుకని సైకిలునే నమ్ముకున్నాను. మన ఆంధ్రావాళ్లను వెళ్లిపొమ్మని రాసిన గోడలు మొదట్లో చదివేవాణ్ణి, ఇప్పుడు చూసీ చూడనట్టు పోతున్నాను. ఉద్యోగాలు లేని పిల్లలు వాళ్లు, వాళ్ల కడుపుమంట వాళ్లది. మొన్న ఉగాదికి పచ్చడి చేసుకోలేదు. ఈ ఏడాది పేరు సౌమ్య అట. పేరు పెట్టినవాళ్లు ఈ ఊరు చూడలేదు కాబోలు.

సూర్యప్రభ చదువు గురించి బెంగపడకు. ఇక్కడ బడులు మూసే ఉన్నాయి కాబట్టి దానికి కొత్తగా పోయిందేమీ లేదు. ఎక్కాలు మాత్రం తాతగారి చేత రోజూ చెప్పించు.

నీ గుండెదడ మళ్లీ వస్తోందని రాశావు. హకీం సాబును అడిగి ఆ మందుమొక్క గింజలు ఇంకో నాలుగు తెమ్మన్నావు. శుక్రవారం చార్మినారు దాకా వెళ్లాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బుఖారా వైపు నుంచి తెచ్చే వర్తకుడు రెండేళ్లుగా రాలేదట, ఎండుమందూ లేదు, గింజలూ లేవు. "ఇచ్చిన గింజలు ఏం జేసిన్రు?" అని అడిగాడు. పోయాయి అన్నాను. ఎలా పోయాయో చెప్పలేదు. ఆయనకు చెప్పనిది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

బాద్రంజ్‌బూయా అనే ఆ పేరు మొదట మన నోళ్లకు తిరగలేదు, గుర్తుందా? ఆవగింజ కన్నా కాస్త పొడుగ్గా, నల్లగా, పొట్లంలో ఓ గుప్పెడు గింజలు. పూత మొదలవగానే కొమ్మలు కోసి, నీడలో ఆరబెట్టి, కషాయం కాచుకోమన్నాడు హకీం సాబు. నువ్వు సగం గింజలు తీసుకుని, మీ నాన్నగారు వడ్లకు కట్టినట్టే మండె కట్టావు. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, పైన గోనె కప్పి, మొలకలు వస్తాయని చూశావు. మూట విప్పితే సబ్జా గింజల్లా జిగురు పట్టి, ఒకే ముద్దయి, పులిసిన కంపు. గోదావరి వడ్లకు చేసిన మర్యాద ఆ చలిదేశపు గింజకు పడలేదు. పక్కవాటా ఎలీశమ్మ గోడ మీదుగా చూసి నవ్వింది. "గట్ల నానబెడ్తరా అమ్మా? జర పొడి ఇసుకల కలిపి పైపైన చల్లుండ్రి. మన్ను కప్పొద్దు" అంది. వాళ్ల తుర్కయంజాల్ చేలల్లో సన్నగింజ అలాగే చల్లుతారట. మిగిలిన సగం నువ్వు ఆవిడ చెప్పినట్టు దొడ్లో మడి చేసి చల్లావు. క్రిస్మస్ మర్నాడు చల్లితే కొత్త సంవత్సరం మొదటి వారంలో మొలిచాయి. ఆ రోజు ఎలీశమ్మకు నువ్వు కాఫీ ఇచ్చావు. ఇద్దరూ మడి గట్టున కూర్చుని ముప్ఫైరెండు మొలకలని లెక్కపెట్టారు.

ఇవన్నీ నీకు తెలియవని రాయడం లేదు. తరువాతది రాయడానికి చెయ్యి ఆడక ఇక్కడిక్కడే తిరుగుతున్నాను.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన మాట నాకు కంఠతా వచ్చేసింది. "రాళ్లు వేసేవాళ్లకు నేను భయపడను. గోడ పక్కన ఉండి, నా చేతి కాఫీ తాగిన మనిషే నా మందుమొక్కలు పీకేసింది. ఇంక ఆ ఊళ్లో నా కాలు నిలవదు. విజయవాడకు బదిలీ అర్జీ పెట్టుకోండి" అన్నావు. అర్జీ రాశాను. సంతకం పెట్టలేదు.

వేదా, ఆ మొక్కలు పీకింది ఎలీశమ్మ కాదు, నేను.

జనవరి ఆఖరి ఆదివారం నువ్వు సూర్యప్రభను తీసుకుని పేరంటానికి వెళ్లావు. నువ్వొచ్చేసరికి దొడ్డి శుభ్రం చేసి నీచేత శభాష్ అనిపించుకుందామనుకున్నాను. కలుపు తీయడంలో మా ఊళ్లో నన్ను మించినవాడు లేడని నీ దగ్గర ఎన్ని కోతలు కోశానో నీకు తెలుసు. నాలుగాకుల మీదున్న ఆ మొక్కలు నా కంటికి అచ్చం కుక్కతులసిలా కనిపించాయి. ఒక్క ఆకు నలిపి వాసన చూసి ఉంటే నిమ్మవాసన చెప్పేది. చూడలేదు. మడంతా పీకి గోడవతల పెంటకుప్ప మీద పారేసి, చేతులు కడుక్కుని, వీధి గదిలో పేపరు చదువుతూ కూర్చున్నాను.

నువ్వొచ్చి ఉత్త మడి చూసి కూలబడిపోయావు. అప్పుడు కానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు నువ్వు, "ఇంకెవరు, ఆవిడే. బయట జరిగే గొడవ ఇంట్లోకి తెచ్చింది" అన్నావు. ఆ ముందు రోజే మా ఆఫీసు బస్సు మీద రాళ్లు పడ్డాయి. ఆ రోజుల్లో ఆ మాట ఎవరన్నా నమ్మేదిగానే ఉంది. నాకేమో ఒడ్డు దొరికినట్టయింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

తరువాతది నీకు సగమే తెలుసు. నీ మాట విని ఇంటాయన త్రినాథరావు, మన ఎదుటే ఎలీశమ్మను నానా మాటలూ అని, వాళ్లను ఎనిమిది రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. మీరు రైలెక్కిన మర్నాడు ఎలీశమ్మ భర్త పేతురు, తాపీ పని నుంచి వస్తూనే, సున్నం చేతులతో మన గుమ్మం ముందు నిలబడ్డాడు. "సారూ, మీరన్న జెప్పుండ్రి. నా ఇంటామె అసొంటిది కాదు. మీరొక్క మాటంటే త్రినాథరావు సారు ఇంటడు" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నాకేం తెలుసు పేతురూ, ఆ టైముకి నేను ఇంట్లో లేను" అన్నాను. అతను తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే సామాను తోపుడుబండి మీద వేసుకుని ఎల్బీనగర్ అవతలికి పోయారు. నేను కిటికీ తలుపు వేసుకుని లోపల కూర్చున్నాను. ఆ వాటాలో ఎవరైనా దిగారా అని అడిగావు కదా, ఏలూరు వాళ్లెవరో దిగారు.

మొన్న శనివారం పేతురు బస్టాపులో కనిపించి, "మా ఇంటామె మిమ్ముల ఒకపారి రమ్మన్నది సారూ" అన్నాడు. నిజం చెబుతున్నాను, నలుగురిని పెట్టి కొట్టిస్తారేమో అనుకున్నాను. అయినా నిన్న ఆదివారం, వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు సైకిలు మీద వెళ్లాను. సాగర్ రోడ్డు చీలే చోట ఒక ద్రాక్షతోట పక్కన రేకుల ఇల్లు. ఎలీశమ్మ కొంగు సర్దుకుని నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ నీడన పెద్ద డాల్డా డబ్బాలో నాలుగు మొక్కలు, మోకాలెత్తున. వాటి నిండా నీలం పూలు. చేత్తో తాకితే నిమ్మవాసన.

"గివి మీ ఇంటియే సారూ. ఆ దినం మీరు పెంట మీద పారేస్తిరి గద. దొరికినకాడికి ఏరుకొచ్చి పెట్టిన. నాలుగే బతికినయి."

"నేను పారేయడం నువ్వు చూశావా?" అన్నాను.

"నల్లాకాడ నిలబడి చూస్తనే ఉన్న."

"మరి వాళ్లు నిన్ను అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు ఎలీశమ్మా?"

"మీరు ఆడనే ఉన్నరు గద సారూ. మీరే జెప్తరనుకున్న."

అంతే అంది. కోపంగా అనలేదు, వేదా. కోపంగా అని ఉంటే ఈపాటికి నేను ఏదో ఒక సమాధానం వెతుక్కునేవాణ్ణి. పేతురు లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేకపోయాను. తప్పయిపోయిందని ఇద్దరికీ చేతులు జోడించాను. ఇంత జరిగాక వీటికి నీళ్లు పోసి ఎందుకు పెంచావని అడిగితే, "అమ్మకు గుండెల దడదడ అంటది గద. మొక్కలేం జేసినయి?" అంది.

సాయంత్రం త్రినాథరావుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వి, "పోనివ్వండి పట్టాభిగారూ, అయిందేదో అయింది" అన్నాడు. అయింది నాకు కాదు, వాళ్లకు.

కషాయానికి మొక్కలు ఇమ్మని ఎలీశమ్మను అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మీ చేతికియ్య సారూ. మీరు మల్ల ఏమనుకొని పీకుతరో. అమ్మ ఒస్తె అమ్మ చేతికే ఇస్త. ఒకటి ఇత్తనానికి ఉంచుకుంట" అంది. వచ్చేటప్పుడు నా పెద్దరికం నిలబెట్టడానికన్నట్టు ఒక్క రెమ్మ తుంచి ఇచ్చింది. దాన్ని ఈ కవరులో పెట్టాను. అర్జీ కూడా ఇందులోనే ఉంది. సంతకం పెట్టమని నువ్వు రాస్తే పెడతాను. కానీ ఎలీశమ్మ వల్లనే వెళ్లిపోతున్నామని మాత్రం ఎవరికీ చెప్పకు, మీ అమ్మగారికైనా సరే. చెప్పాల్సివస్తే నా పేరు చెప్పు.

పూత ఇంకో పదిహేను రోజులుంటుందట. ఈలోగా ఒక్కసారి రమ్మని అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. వస్తే స్టేషను నుంచి నేరుగా ఎల్బీనగర్ వెళదాం. ఆవిడ గుమ్మంలో నువ్వు ముందు నడు. నేను వెనకాల వస్తాను.

ఇట్లు,
సూర్యప్రభ నాన్న,
పట్టాభి.