శనగగింజంత వాపు

మైలవరం,
జూన్ 3.

అత్తయ్యగారికి,

మీరు ఫోనెత్తరు, అందుకే ఈ ఉత్తరం. మీకు చదవడం రాదు. ఇంటికొచ్చిన ఏ కాగితమైనా మామయ్యగారు మగ్గాల షెడ్డులో నిలబడి అందరికీ వినపడేలా చదువుతారు. చదవనివ్వండి. అందరూ వినాలనే రాస్తున్నాను.

కడుపుతో ఉండగా నేను నేసిన రెండు చీరల అంచులు పాడయ్యాయి. "కావాలనే చెడగొడుతోంది, దీని పొగరు చూడండే!" అంటూ షెడ్డంతా తిప్పి చూపించారు. తలనొప్పంటే నాటకమన్నారు. కాన్పయ్యాక పాలు పడకపోతే, "పాలివ్వలేని తల్లి ఎందుకమ్మా?" అని పది రోజుల పసికందును ఉంచేసుకుని నన్ను పుట్టింటికి తరిమారు. మీ అబ్బాయి భానుచందర్ నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డారు.

పోయిన వారం విజయవాడలో నాకు మందు ఎక్కించి ఎమ్మారై తీశారు. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఉంటుందట. నాది ఉబ్బిపోయి కంటి నరాలను నొక్కుతోంది. డాక్టరమ్మ తెర మీద చూపిస్తూ, "ఇది గడ్డలా లేదమ్మా, వాపే. గర్భిణులకు అరుదుగా వస్తుంది. పాలు పడకపోవడం కూడా దీనివల్లే. నీకు పక్కలవి కనపడటం లేదు కదూ?" అంది. దారం మోసే నాడె అంచుదాకా వెళ్ళడం నాకు కనపడలేదు అత్తయ్యా! అక్కడే భోరున ఏడ్చాను. తర్వాత మీ మీద పళ్ళు కొరికాను.

రిపోర్టు జత చేశాను, అదీ చదివించండి. ఆదివారం వచ్చి నా బిడ్డను తీసుకెళ్తాను. ఇక దాని ముఖం మీరు చూడరు. నా ఉసురు మీకు తగలాల్సిందే.

ధనశ్రీ

మైలవరం,
జూన్ 17.

అత్తయ్యా,

ఆ ఆదివారం షెడ్డులో ఒక్కరూ మీతో మాట్లాడలేదు. నాకు కడుపు నిండింది, అబద్ధం చెప్పను. మీరు పాపను నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మాత్రలు పనిచేస్తున్నాయి. పక్కలకు చూపు కాస్త వస్తోంది. పాపే నన్ను చూస్తే గుక్కపట్టి ఏడుస్తోంది. పది రోజులుగా డబ్బా పాలు సగం కూడా తాగడం లేదు. గుమ్మంలోకి పెద్దావిడ ఎవరొచ్చినా చేతులు చాస్తోంది. ఈ అయిదు నెలలూ దానికి తల్లి మీరే అయ్యారు. అది చూసి నాకు మళ్ళీ మీ మీదే మండుకొచ్చింది.

మిమ్మల్ని క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానని ఆశపడకండి. ఉత్తరం అందగానే బస్సెక్కి రండి. మీరు దాన్ని ఎలా నిద్రపుచ్చేవారో నాకు నేర్పండి.

మీ కోడలు,
ధనశ్రీ