నేను పెట్టిన బొటనవేలు

భవానీపురం,
ఆదివారం మధ్యాహ్నం.

స్టెల్లా గారికి,

ఇంతవరకు ఎదురుగా చూడకపోయినా మీ గొంతు వినకపోతే రోజు గడవని రామతులసి రాస్తున్నది. మీ షారోనుకి జలుబు తగ్గిందని మా సాయిశ్రీని బడికి తీసుకెళ్ళే ఆటో అతను చెప్పాడు. ఆ మాట మిమ్మల్నే అడగాలి. అడిగే ముఖం లేక అతన్ని అడిగాను.

ఫోనులో రెండు ముక్కలు చెప్పెయ్యక ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీరు అనుకోవచ్చు. ఆ రోజు అబద్ధం ఆడింది ఫోనులోనే కదండీ. మళ్ళీ ఆ మైకు బొమ్మ నొక్కి నిజం చెబుదామని నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ దగ్గి ఆపేశాను. తెలుగులో రాయడమొక్కటే నాకు చక్కగా వచ్చిన పని. ఉయ్యూరు దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా నా దస్తూరీని మాష్టారు అందరికీ చూపించేవారు. అవును, ఏడో తరగతే. స్కూలు ఫారంలో తల్లి చదువు అన్నచోట ఇంటరు అని రాయించాను. మీతో డిగ్రీ మధ్యలో మానేశానన్నాను. రెండూ పచ్చి అబద్ధాలు. నాకు ఇంగ్లీషు రాదు. పేర్లు కూడబలుక్కుంటాను, అంతవరకే.

మన మూడో తరగతి తల్లిదండ్రుల గ్రూపులో వచ్చేవన్నీ ఇంగ్లీషు మెసేజులే. పొద్దున్న అయిదింటికి పొయ్యి వెలిగిస్తే మా కర్రీ పాయింటులో మధ్యాహ్నం మూడు దాటేదాకా చెయ్యి ఖాళీ ఉండదు. మా ఆయన హనుమాన్ జంక్షన్‌లో లారీలు బాగుచేస్తూ వారానికోసారి వస్తారు. ఒక చేత్తో సాంబారు ప్యాకెట్టు పట్టుకుని రెండో చేత్తో ఫోను చూసేదాన్ని. అందరూ బొటనవేలు బొమ్మ పెడుతున్నారు కదా అని నేనూ పెట్టేసేదాన్ని. సాయంత్రం సాయిశ్రీ బడి నించి వచ్చాక కాళ్ళు కడుక్కుని, మెసేజులన్నీ వరసగా చదివి తెలుగులో చెప్పేది. రేపు చార్టు కావాలంటే అప్పుడు పరుగెత్తేదాన్ని. చిన్నప్పుడు మా నాయనమ్మ రావమ్మ రేషను షాపులో వేలిముద్ర వేస్తుంటే నాకు ఎంత నామోషీగా ఉండేదో. "నువ్వు పక్కకి జరుగు నాయనమ్మా, నేను సంతకం పెడతాగా" అనేదాన్ని పొగరుగా. ఇన్నేళ్ళకి నేను చేస్తున్నదేమిటండీ, అదే వేలిముద్ర. సిరా అంటదు, అదొక్కటే తేడా.

ఇలా అంటున్నానని గ్రూపు మీద కోపం అనుకోకండి. అది లేకపోతే నాకు మీరు దొరికేవారే కాదు. జూన్‌లో సాయిశ్రీకి జ్వరం వచ్చినరోజు ఏం చెయ్యాలో తోచక గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను. పది నిమిషాల్లో మీ గొంతు వచ్చింది, నాకు విడిగా. "వదినా, ముందు పిల్ల మీంచి ఆ దుప్పట్లు తీసెయ్యండి, నేను నర్సుని, చెబుతున్నాగా." నేను దుప్పట్లు కప్పానని మీకెలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు. ఆ రోజు నించి మీరు డ్యూటీకి వెళుతూ బస్సులోంచి, నేను మూకుడు ముందు నిలబడి, రోజూ మాట్లాడుకున్నాం. మీ వార్డు కబుర్లు వింటూ దొండకాయ వేపుడు మాడబెట్టాను కూడా. ఈ ఊళ్ళో నన్ను వదినా అని పిలిచిన మనిషి మీరొక్కరే. అలాంటి మీకు చేశాను నేనీ పని.

ఆ గురువారం సాయిశ్రీకి ఒళ్ళు వెచ్చగా ఉంటే బడి మాన్పించి షాపు వెనక గదిలో పడుకోబెట్టాను. బయట జోరు వాన. మూడింటికి, ఏదో ఆఫీసుకి ఇరవై భోజనాలు కడుతుంటే ఫోను మోగింది. చూస్తే గ్రూపులో మీ ఫొటో, పక్కన నాలుగు వరసల ఇంగ్లీషు, మధ్యలో షారోను పేరు. ముందురోజు షారోనుకి బొమ్మల పోటీలో బహుమతి వచ్చిందని మీరే చెప్పారు కదా, దాని గురించే రాశారనుకున్నాను. సంతోషంగా, అందరికంటే ముందు, బొటనవేలు పెట్టాను. నిమిషంలో మీరు థాంక్యూ అన్నారు. ఆ మాట నాకు తెలుసు. దానికీ బొటనవేలు పెట్టాను.

మీరు రాసింది ఏమిటో నాకు ఆ సాయంత్రం గ్రూపులో గొంతులు విన్నాక గానీ తెలియలేదు. ఎమర్జెన్సీ డ్యూటీలో ఇరుక్కుపోయాను, ఎవరైనా షారోనుని తమ ఇంటికి తీసుకెళ్ళి ఆరింటిదాకా ఉంచుకోండి అని. నేను తీసుకెళుతున్నానని మీరు నమ్మారు. నా బొటనవేలు చూసి మిగతావాళ్ళూ ఊరుకున్నారు. ఒక్కరైనా వెళ్ళేవారే, నేను అడ్డం పడకపోతే. పిల్ల గేటు దగ్గర నిలబడి నిలబడి, వాచ్‌మన్ అటు తిరిగినప్పుడు ఒక్కతే వానలో బయల్దేరిందట. దారి తప్పి కరకట్ట వైపు వెళ్ళిందట. మొక్కజొన్న కంకులు కాల్చే శౌరమ్మ తన పరదా కిందికి లాక్కుని కూర్చోబెట్టకపోతే ఏమయ్యేదో. నది అక్కడికి ఎంత దూరమండీ.

పిల్ల దొరకకముందే, ఆరున్నరకి, మీవారు సొలొమోను గారు గ్రూపులో గొంతు పెట్టారు. "రామతులసి గారూ, షారోను మీ దగ్గరే కదండీ? మీరేగా బొటనవేలు పెట్టారు?" నలభై ఇళ్ళవాళ్ళు వింటున్నారు. ఇంగ్లీషు రాదని చెప్పడానికి నోరు రాలేదు. ఒక పసిపిల్ల కనబడటం లేదు, నేనేమో నా పరువు వెతుక్కున్నాను. మైకు నొక్కి అన్నాను, "అయ్యో, నేను చూడలేదండీ, ఫోను మా సాయిశ్రీ చేతిలో ఉంది, ఆడుకుంటూ నొక్కేసినట్టుంది" అని. చెప్పి వెనక్కి తిరిగితే గది గుమ్మంలో సాయిశ్రీ నిలబడి ఉంది. నిద్రలేచి ఎప్పుడొచ్చిందో. అంతా విన్నది. నా వైపు చూసింది. వెళ్ళి మళ్ళీ పడుకుంది.

ఇవాళ్టికి పదిరోజులు. క్లాసులో దాన్ని ఫోను పిల్ల అంటున్నారట. టీచరు లేపి నిలబెట్టి, చెయ్యవచ్చా అలా అని అడిగితే తప్పయిపోయిందండీ అన్నదట. షారోను దాని పక్కన కూర్చోవడం లేదట. ఇవన్నీ ఆటో అతనే చెప్పాడు, అది చెప్పలేదు. మొన్న మీరు గ్రూపులో ఏదో రాశారు. మామూలుగానే సాయంత్రం సాయిశ్రీ ఫోను తీసుకుని చదివింది. "పిల్లల చేతికి ఫోను ఇచ్చేముందు తల్లులు ఆలోచించాలి, వాళ్ళ ఆట ఇంకొకళ్ళ బిడ్డ ప్రాణం మీదికి తేవచ్చు. అంతేనమ్మా, ఇంకేం లేదు" అంది. నా కోసం ఒక్కొక్క మాటా తెలుగు చేసి, ఒక్క ముక్కా వదలకుండా చదివింది. మీరు రాసింది తప్పని అనను. నన్ను నేను చెప్పుచ్చుకు కొట్టుకున్నా తీరని సిగ్గు అది.

స్టెల్లా గారూ, సాయిశ్రీ మీద ఆ మచ్చ నేను చూడలేను, నా నోటితో చెప్పేందుకు ధైర్యమూ లేదు. ఈ ఉత్తరాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టెయ్యండి. అందరూ నవ్వనివ్వండి, ఉమ్మెయ్యనివ్వండి. మీరు క్షమించమని అడగను. సాయిశ్రీ నొక్కలేదని మాత్రం అందరికీ తెలియాలి. రేపు ఇది మీ ఆసుపత్రి కౌంటరులో ఇచ్చి, మీకు కనబడకుండా వచ్చేస్తాను.

తల ఎత్తుకోలేని
రామతులసి


విద్యాధరపురం,
బుధవారం ఉదయం.

రామతులసి వదినకి,

మీ ఉత్తరం సోమవారం మధ్యాహ్నం అందింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చదివాను. మొదట ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి సొలొమోను గారికి చూపించి, మీ మీద ఇంతెత్తున లేవాలనుకున్నాను. బస్సు దిగేసరికి ఆ కోపం నిలబడలేదు. ఎందుకో చెబుతాను. మీరు సిగ్గుపడుతూ రాశారు, నేను వణుకుతూ రాస్తున్నాను.

ఆ గురువారం నేను డ్యూటీలో లేను. రెండు రాత్రులు వరసగా చేసి, మనిషి రాలేదని పొద్దుటి షిఫ్టు కూడా చేసి, ఒంటిగంటకి ఇంటికొచ్చి పడ్డాను. స్కూలు వదిలేవేళకి అలారం పెట్టుకున్నాను. మూడింటికి మెలకువ వచ్చింది, కానీ లేవలేకపోయాను. ఒళ్ళు నాది కాదన్నట్టుంది. నిద్రొస్తోంది, నా కూతుర్ని ఎవరైనా తీసుకెళ్ళండి అని ఏ తల్లి రాస్తుంది వదినా? ఎమర్జెన్సీ అని రాశాను. తెలుగులో రాస్తే మీరు వెంటనే గొంతు పెట్టి, ఏ ఎమర్జెన్సీ, ఎవరికి అని అడుగుతారు. అందుకే ఇంగ్లీషులో రాశాను. మీ బొటనవేలు చూసి, హమ్మయ్య అనుకుని, ఫోను మూగది చేసి దిండు కింద పెట్టి పడుకున్నాను. షారోను మెడలో కార్డు చూసి శౌరమ్మ ఎవరిచేతో నాకు ఎనిమిదిసార్లు ఫోను చేయించిందట. ఆరు దాటినా నేను ఎత్తకపోతే సొలొమోను గారు పనిచోటి నించే గ్రూపులో అడిగారు, ఏడింటికి లేచి ఆ ఫోన్లు చూశాకే పిల్ల దొరికింది. ఎందుకు ఎత్తలేదంటే, ఆపరేషన్ థియేటర్లో ఫోను లాకరులో పెట్టాలని అందరికీ చెప్పాను. పిల్ల కరకట్ట మీద తడుస్తుంటే నేను నిద్రపోతున్నాను.

మీ సాయిశ్రీ నొక్కిందని మీరు అన్నది తరవాత వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అందరూ ఆ పిల్లని చూస్తున్నారు, నన్నెవరూ ఏమీ అడగడం లేదు. ఇంకా గట్టిగా అటే చూడనీ అని ఆ మెసేజు రాశాను. దాన్ని ఆ పిల్లే మీకు చదివి వినిపించిందని రాశారే, ఆ ముక్క దగ్గర ఉత్తరం మడిచేశాను. ఎనిమిదేళ్ళ పిల్ల వెనకాల ఇద్దరు ఆడవాళ్ళం దాక్కున్నాం.

సోమవారమే సొలొమోను గారికి చెప్పాను. ఆయన నాతో మాట్లాడటం లేదు. నా సంగతి వరకు గ్రూపులో, నా గొంతుతో, తెలుగులో చెప్పాను. కొందరు ఏదో అన్నారు. ఒకావిడ మాత్రం విడిగా ఫోను చేసి, తనూ ఒకసారి అలాగే పడుకుండిపోయానని చెప్పి ఏడ్చింది. మీ ఉత్తరం మాత్రం పెట్టలేదు. పెడదామనే అనుకున్నాను. అంతకంటే ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పుకోవాలని నిన్న భోజనాల వేళ బడికి వెళ్ళాను.

వరండా చివర ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది. పక్కన కూర్చున్నాను. "సాయిశ్రీ, నేను షారోను అమ్మని. ఆ రోజు ఫోను నువ్వు నొక్కలేదు కదమ్మా?" అని అడిగాను.

"నేనే నొక్కాను ఆంటీ" అంది.

"కాదులే బంగారం. మీ అమ్మ నాకు అంతా చెప్పారు."

అన్నం ముద్ద డబ్బాలో పెట్టేసింది. నేనేదో ఉచ్చు పన్నానన్నట్టు చూసింది నా వైపు. "మా అమ్మకి ఇంగ్లీషు వచ్చు ఆంటీ. చాలా బాగా వచ్చు. నేనే ఆడుకుంటూ నొక్కాను" అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. నా బ్యాగులో మీ ఉత్తరం ఉంది. తీసి చూపించడానికి నాకు చెయ్యి రాలేదు. చూపిస్తే, ఆ పిల్ల పదిరోజులుగా మోస్తున్నది ఎందుకూ పనికిరాలేదని చెప్పినట్టవుతుంది, అదీ బయటి మనిషిని నేను. నా క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది.

వదినా, గ్రూపులో ఎవరికి ఏం తెలియాలో తరవాత చూసుకుందాం. మీరు నాకు ఆరు పేజీలు రాశారు. సాయిశ్రీకి ఒక్క ముక్కయినా చెప్పారా? ఇంక ఆ మాట అననక్కర్లేదని ఆ పిల్లకి చెప్పగలిగింది మీరొక్కరే. మనిషితో పంపిస్తున్నాను, ఇది మీ చేతికి అందేసరికి పన్నెండవుతుంది, షాపు ముందు జనం ఉంటారు. ఉండనివ్వండి. పొయ్యి ఆపేసి బడికి వెళ్ళండి. సాయంత్రందాకా ఆగకండి.

మీ
స్టెల్లా